ఓటీపీ కోసం ఒక ఫోన్

అమెరికాలోని ప్లేనోలో తెలుగువాళ్ల ఇళ్లలో వంటగట్టు మీదో, దేవుడి అలమర పక్కనో ఒక పాత ఫోన్ ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటుంది. దాంతో ఎవరూ మాట్లాడరు, పాటలు వినరు. అందులో ఉన్నది ఇండియా సిమ్. బ్యాంకు ఓటీపీ పంపిన పూట మాత్రం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగుతారు.

దానికింత హోదా దక్కింది 2022 సెప్టెంబరు నుంచి. ఆ నెలలో వచ్చిన ఐఫోన్ 14కి, అమెరికాలో అమ్మేవాటికి మాత్రం, సిమ్ ట్రే పీకేశారు. ఇక ఈ-సిమ్ ఒక్కటే దిక్కు. అందులో సుఖం లేకపోలేదు. ఫోన్ కొట్టేసిన దొంగ సిమ్ తీసి పారెయ్యలేడు. గోరంత ముక్క ఎక్కడ పడిపోతుందోనన్న బెంగ లేదు. సరే, ట్రే పోగా మిగిలిన చోట్లో ఏం పెట్టారని ఐఫిక్సిట్ వాళ్లు 14 ప్రో మ్యాక్స్‌ని విప్పి చూస్తే, ఉన్నది ఉత్త ప్లాస్టిక్ ముక్క! 2025లో 17 ప్రో వచ్చాక గానీ ఆ చోటు పెద్ద బ్యాటరీకి అక్కరకు రాలేదు. ముందు తీసేసి, ఎందుకు తీశామో తర్వాత ఆలోచించినట్టుంది.

అదే ఐఫోన్ 14 హైదరాబాద్‌లో కొంటే ట్రే ఉంది. చైనాలో కొంటే ఏకంగా రెండు సిమ్‌లు పడతాయి. అంటే ట్రేకి కాలం చెల్లిందా లేదా అన్నది బజారును బట్టి మారుతుందన్నమాట. అమెరికాలో చాలామంది ఫోన్ కొనేదే నెట్‌వర్క్ కంపెనీ దగ్గర, నెలవారీ వాయిదాల మీద. సిమ్ ముఖం చూడాల్సిన అవసరమే వాళ్లకు రాదు. ట్రే పోయినా అడిగే నాథుడు లేడు. మన దగ్గర ట్రే తీస్తే జనం పక్క కొట్టుకి పోతారు, అందుకని ఉంచారు. వాడేవాడి ఇష్టానికి కంపెనీ ఇచ్చే విలువ అంతవరకే.

నలిగిపోయేది రెండు దేశాల్లోనూ కాలు పెట్టినవాళ్లు. అమ్మానాన్నలు ఆర్నెల్లుండి పోదామని వస్తారు. పెన్షన్ ఖాతా, గ్యాస్ బుకింగ్, ఫోన్‌పే అన్నీ ఆ ఒక్క నంబరు మీదే నడుస్తాయి. ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉంటే గానీ కొన్ని బ్యాంకు యాప్‌లు తలుపు తియ్యవు. కొడుకు ముచ్చటపడి కొత్త ఐఫోన్ చేతిలో పెడితే, నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “నా సిమ్ ఎక్కడ పెట్టాలిరా?” అంటారు. ఇండియా సిమ్‌ని కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవచ్చు, నిజమే. ఆ తతంగం విమానం ఎక్కకముందే ముగించుకోవాలి. ఇక్కడికొచ్చాక గుర్తొస్తే కస్టమర్ కేర్ వాళ్ల పాట వింటూ కూర్చోవడమే.

సెల్‌ఫోన్ వ్యాపారం ప్లేనోకి కొత్త కాదు. ఎరిక్సన్ వాళ్ల ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే, లెగసీ డ్రైవ్ మీద ఉంది. బ్లూటూత్ పుట్టింది ఆ కంపెనీలోనే, 1994లో స్వీడన్‌లో. ఉన్నది పీకెయ్యడమూ కొత్త కాదు. 2016లో ఐఫోన్ 7కి హెడ్‌ఫోన్ జాక్ తీసేసి, దీనికి ధైర్యం కావాలని వేదికెక్కి చెప్పిన ఆపిల్, అదే రోజు బ్లూటూత్‌తో నడిచే ఎయిర్‌పాడ్స్‌ని చూపించింది. మొదట వెక్కిరించిన శామ్‌సంగ్ 2019లో నోట్ 10కి తనూ జాక్ పీకేసింది. ఆ ఎయిర్‌పాడ్స్ ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో, కొంగరకలాన్‌లో తయారవుతున్నాయి. మన పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి కాబట్టి ఈ విషయంలో నోరారా తిట్టలేకపోతున్నాను.

పాతదేదీ పోకూడదని నా వాదన కాదు. ఫ్లాపీ డిస్క్ పోయిందని ఏడ్చినవాణ్ణి నేను చూడలేదు. కానీ ట్రే ఉన్న ఫోనూ ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. దాన్నీ ఇక్కడి కొట్లో పెట్టి, ఇంకో ముప్పై డాలర్లు ఎక్కువ అడిగినా కొనేవాళ్లం. జరిగింది వేరు: 2025లో పిక్సెల్ 10 కూడా అమెరికాలో ట్రే తీసేసే దారే పట్టింది.

ఒకప్పుడు సెలవులకు బయల్దేరుతుంటే బావమరుదులు ఐఫోన్ పట్రమ్మని ముందే చెప్పి పెట్టేవాళ్లు. ఇప్పుడు, “అక్కడిది వద్దు బావా, ట్రే ఉండదట, ఇక్కడే కొనుక్కుంటాలే” అంటున్నారు. అక్కడ ధర ఎక్కువని తెలిసి కూడా, మా స్నేహితులు కొందరు తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ నుంచే ఫోన్ తెచ్చుకుంటున్నారు.