పేరు ఎవరిదైతేనేం, పల్లం మాది

మాది దివిసీమలో కోడూరు వైపు ఒక మాలపల్లె. ఊరు మెరక మీద ఉంటుంది. మేం పల్లంలో ఉంటాం. డ్రైను పొంగితే ముందు తడిసేది మా గడపే.

1977 నవంబరు 19న ఉప్పెనొచ్చి మా తాటాకిల్లు ఆనవాలు లేకుండా పోయింది. మా మామ్మ ఆ నీళ్లలోనే పోయింది. అయ్య తాటిచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు. "డాబాలెక్కినోళ్లు బతికార్రా. మనకి ఎక్కడానికి డాబా ఏదీ?" అనేవాడు చచ్చేదాకా.

1985-86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన పెట్టింది. మొదట్లో అది ఎస్సీ, ఎస్టీలకీ, వెట్టి నుంచి విడుదలైనవాళ్లకీ మాత్రమే. డబ్బు ఢిల్లీది. రాజ్యాంగం ప్రకారం భూమి రాష్ట్రం చేతిలోది. అప్పుడు అక్కడ రాజీవ్ గాంధీ, హైదరాబాదులో ఎన్టీ రామారావు. మా అమ్మ పేరున ఇల్లు శాంక్షనయ్యింది. "ఇది ఇందిరమ్మ ఇల్లు" అని ఒక పార్టీ ఆయన, "స్థలం ఇచ్చింది మేము" అని ఇంకో పార్టీ ఆయన మా ముందే వాదులాడుకున్నారు. అమ్మ పునాది గుంటలో నీళ్లు తోడుతూ అంది: "అయ్యల్లారా, పేరు మీకు నచ్చింది రాసుకోండి. నాలుగు బళ్ల మెరక తోలించండి, చాలు."

ఎవరూ తోలించలేదు. మెరక ఎస్టిమేట్లో లేదన్నారు. అయ్య ఆసామి దగ్గర అప్పు చేసి తోలించాడు. రెండేళ్లు నాట్లలో, కోతల్లో కూలి చేసి ఇంటిల్లిపాదీ తీర్చాం. సర్కారు ఊరికే ఇచ్చిన ఇంటికి నా చదువు ఏడాది ఆగిపోయింది.

పల్లెల్లో ఇళ్లకి 1989లో కేంద్రం 80 పాళ్లు, రాష్ట్రం 20. 1999లో 75, 25. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ అని పేరు మార్చి 60, 40 చేశారు. మధ్యలో 2006లో రాష్ట్రం ఇందిరమ్మ అంది. 2020 డిసెంబరులో ఇళ్ల పట్టాలు పంచినప్పుడు మా చెల్లెలి కూతురికి సెంటున్నర వచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, కాలనీ పేరూ మారింది. చూడబోతే అదీ పల్లమే. ఆ పిల్లా డ్వాక్రా అప్పుతో మెరక తోలించుకుంది.

వాటాల మీద, పేర్ల మీద, గోడ మీద బొమ్మ మీద రెండు సర్కార్లూ తగువులాడుకున్నాయి. మమ్మల్ని ఊరవతల పల్లంలో పెట్టడం మీద మాత్రం ఒక్కనాడూ తగువు పడలేదు. అంటరానితనాన్ని తాటాకులు తీసేసి ఇటుకలతో కట్టారు, అంతే.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎన్ని ఇళ్లిచ్చారని లెక్క చెప్పేవాళ్లని, ఎక్కడిచ్చారని అడగండి. ఊరి మెరక మీద మాకూ చోటు కావాలి.