పసుపు లేని గిజిగాడు

గిజిగాడు అనగానే మనకు రెండే గుర్తుకొస్తాయి: ఈతచెట్టుకో తుమ్మచెట్టుకో వేలాడే గూడు, దాన్ని పట్టుకుని రెక్కలల్లార్చే పసుపుపచ్చని పిట్ట. జాషువా గారి పద్యాల పుణ్యమా అని గూడుకు కొదవలేని కీర్తి. మరి వానలు వెళ్ళిపోయాక ఆ పసుపు పిట్ట ఏమవుతుందయ్యా అంటే ఎవరూ చెప్పరు. జువాలజీ చదువుతున్న పాపానికి నేను వెతుక్కోవలసి వచ్చింది.

ఎక్కడికీ పోదు. మన కళ్ళముందే ఉంటుంది. నెత్తిమీది పసుపు, చెంపల నలుపు రాలిపోయి, అచ్చం ఆడపిట్టలాగే మట్టిరంగులో, చారల వీపుతో తిరుగుతుంది. ఎదిగిన ఈక మన గోరులాంటిది, ప్రాణం లేనిది. లోపలినుంచి దానికి కొత్త రంగు ఎక్కదు. పాతది రాలాలి, కొత్తది మొలవాలి. మగ గిజిగాడు ఏటా రెండుసార్లు ఈ అవస్థ పడతాడు: గూళ్ళ కాలానికి ముందోసారి, సంసారం గొడవ తీరాక ఇంకోసారి. (ఊరపిచ్చుకది పొదుపు వ్యవహారం. ఈకల కొసలు అరిగి అడుగునున్న నలుపు బయటపడుతుంది, అంతే!)

ఇంతకన్నా వింత ఒకటుంది. వృషణాలు తీసేసిన గిజిగాడికి కూడా వేళకు పసుపు వస్తుంది. ఆజ్ఞ పిట్యూటరీ గ్రంథిది, అది వదిలే ఎల్.హెచ్. హార్మోనుది. అయితే పసుపు వచ్చినంత మాత్రాన పెళ్ళయిపోదు. 1930లో బొంబాయి దగ్గర కిహీంలో సలీం అలీ గమనించినట్టు, ఆడపిట్ట వచ్చి సగం అల్లిన గూడును పరీక్షిస్తుంది. నచ్చితేనే కాపురం. మన హాస్టలు అందగాళ్ళు గమనించగలరు.

మొన్న జనవరిలో ఊరెళ్ళినప్పుడు జొన్నచేలో మంచె ఎక్కాను. కంకులమీద మట్టిరంగు పిట్టలు గుంపుగా వాలాయి. లావు ముక్కు, చారల వీపు.

"ఏం చూస్తున్నావురా, ఆ వడిసెల ఇటివ్వు. పాడు పిచ్చుకలు గింజ మిగల్నిచ్చేట్టు లేవు" అన్నాడు బాబాయి.

"పిచ్చుకలు కావు బాబాయ్, గిజిగాళ్ళు. మన బావిమీద గూళ్ళు కట్టేది ఇవే."

బావిమీది గూళ్ళను బాబాయి ఎవ్వరినీ ముట్టుకోనివ్వడు. పిల్లలు రాయి విసిరితే తాట తీస్తాడు. పిట్టలకేసి కాసేపు చూశాడు.

"ఇవా?"

"ఇవే."

వడిసెలలో రాయి పెట్టాడు. గిరగిరా తిప్పి, పిట్టలమీదికి కాకుండా పైకి ఆకాశంలోకి విసిరాడు. గుంపు ఒక్కసారిగా లేచి పక్క చేలో వాలింది. ఆ చేను మా పెదనాన్నది.