శ్రీ మెనాంతిలో తొంభై తొమ్మిది స్తంభాలు

మలేసియా కరెన్సీ నోట్లను చేతిలోకి తీసుకున్న ప్రయాణికుడికి వాటన్నిటి మీదా ఒకే ముఖం కనిపిస్తుంది. 1957లో దేశం స్వతంత్రమైనప్పుడు తొలి రాజుగా ఎన్నికైన త్వాంకూ అబ్దుర్రహ్మాన్ ముఖమది. అదే పేరుగల తొలి ప్రధానమంత్రి వేరు. 'ఎన్నికైన రాజు' అన్న మాట మన చెవికి వింతగా తోస్తుంది. రాచరికం వారసత్వంతో, గణతంత్రం ఎన్నికతో నడుస్తాయని కదా మనం బడిలో చదువుకున్నది! ఆ వింత ఏమిటో తెలుసుకుందామని ఆయన వంశస్థానమైన శ్రీ మెనాంతికి బయలుదేరాము.

కౌలాలంపూర్‌కు దక్షిణాన ఉన్న నెగరి సెంబిలాన్ రాష్ట్రంలోని చిన్న ఊరు అది. రాష్ట్రం పేరుకు అర్థం 'తొమ్మిది సీమలు'. రాజధాని సెరెంబాన్ దాటి కొండదారిన వెళితే, పచ్చని లోయలో నల్లని కొయ్య రాజభవనం కనిపిస్తుంది. 1902లో మొదలై 1908లో పూర్తయిన ఈ కట్టడంలో ఇనుప మేకు వాడలేదు. దీనిని మోసే 99 స్తంభాలు, రాజుకు అండగా నిలిచిన వివిధ తెగల 99 మంది యోధులకు గుర్తు.

ఇక్కడ తండ్రి తరువాత పెద్దకొడుకే అన్న నియమం లేదు. ఉండాంగులు అనే నలుగురు సీమాధిపతులు రాజవంశంలోని పురుషులలో ఒకరిని ఎన్నుకుంటారు. 1967లో త్వాంకూ మునవ్విర్ మరణించినప్పుడు వారు ఆయన కుమారుణ్ణి కాక, సవతి సోదరుడైన త్వాంకూ జాఫర్‌ను ఎన్నుకున్నారు. 2008లో జాఫర్ మరణించినప్పుడు ఆయన కుమారులను కాదని, మునవ్విర్ కుమారుడైన త్వాంకూ ముహ్రిజ్‌కు పట్టం కట్టారు.

దేశం మొత్తానికీ ఇటువంటి పద్ధతే ఉంది. పదమూడు రాష్ట్రాలలో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు. ఆ తొమ్మిది మందీ సమావేశమై, రహస్య ఓటుతో తమలో ఒకరిని ఐదేళ్లకు దేశాధినేతగా ఎన్నుకుంటారు. సాధారణంగా రాష్ట్రాల వంతు క్రమాన్నే పాటిస్తారు. గడువు తీరగానే ఆయన సింహాసనం దిగి సొంత రాష్ట్రానికి వెళ్లిపోతాడు. రోజువారీ పాలన ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు చేతిలో, ప్రధాని చేతిలో ఉంటుంది. 2022 ఎన్నికలలో 222 స్థానాల సభలో ఎవరికీ ఆధిక్యం రానప్పుడు, అప్పటి రాజు తోటి పాలకులతో సంప్రతించి అన్వర్ ఇబ్రాహీంను ప్రధానిగా నియమించాడు. 1993 సవరణతో పాలకులకు చట్టం నుండి ఉన్న రక్షణను తగ్గించి, వారిపై వ్యాజ్యాలను విచారించడానికి ప్రత్యేక న్యాయస్థానం ఏర్పరచారు.

ఇది లోపం లేని వ్యవస్థ అనడం మా ఉద్దేశం కాదు. రాజవంశాల వెలుపలివారు ఎంత యోగ్యులైనా ఆ సింహాసనం ఎక్కలేరు. అయినా ఆ కొయ్య మెట్లు దిగుతూంటే ఒక విషయం మనసున నిలిచింది. 'ఇస్లామీయ ప్రభుత్వమంటే రాచరికమా, ప్రజాస్వామ్యమా?' అని మదరసా విద్యార్థులు తరచూ అడుగుతారు. సన్మార్గ ఖలీఫాల చరిత్రలో ఒకే పద్ధతి కనిపించదు. హజ్రత్ అబూబక్ర్ (రజి)ను సఖీఫాలో సమావేశమైన సహాబాలు ఎన్నుకున్నారు. ఆయన సహచరులను సంప్రతించి హజ్రత్ ఉమర్ (రజి) పేరు సూచించారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆరుగురి సంఘానికి ఆ బాధ్యత అప్పగించారు. తన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సలహా ఇవ్వవచ్చు గాని, ఖిలాఫత్‌కు అభ్యర్థి కారాదన్నారు. పద్ధతులు మారినా సంప్రతింపు మారలేదు. పదవి అమానతు అన్న భయమూ మారలేదు. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు 'షూరా' అన్న పేరే ఉండటం గమనార్హం.

దూరదేశపు సింహాసనాల సంగతి అటుంచి మన ఊళ్లనే చూద్దాం. మసీదు ముతవల్లీ మరణిస్తే జమాఅత్‌ను అడగకుండానే కుమారుడు ఆ కుర్చీలో కూర్చోవడం ఎన్ని చోట్ల చూడటం లేదు? వక్ఫ్ భూమి లెక్క అడిగినవాడిని ఫసాదీ అనడం ఎన్ని చోట్ల వినడం లేదు? ఒక రాజవంశంలోనే తండ్రి పీఠం కుమారుడికి దానంతటదే దక్కనప్పుడు, అల్లాహ్ గృహపు బాధ్యత ఎవరి ఆస్తి అవుతుంది? వచ్చే జుమా నమాజు ముగిశాక మన మసీదు లెక్కల పుస్తకాన్ని జమాఅత్ ఎదుట తెరవమని మర్యాదగా కోరుదాం. అడగడం మన హక్కు, చూపడం వారి బాధ్యత.