నెహ్రూ ప్లేస్‌లో ఒక పూట

ఢిల్లీ వెళ్ళివచ్చినవారు సాధారణంగా ఎర్రకోటను గురించి, కుతుబ్ మీనారును గురించి చెబుతారు. కార్యాలయపు పని ముగిశాక మిగిలిన పూటను మేము కాల్కాజీ సమీపాన గల నెహ్రూ ప్లేస్‌లో గడిపాము. కంప్యూటర్ విడిభాగాలకు దేశమంతటా పేరుపడిన అంగడి అది. పదవీ విరమణకు చేరువైన సహోద్యోగి ఒకరు మా వెంట ఉన్నారు.

వారి ఇంటి కంప్యూటర్ పాతది. విండోస్ 11కు పనికిరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బ్యాంకు వ్యవహారాలు, పింఛను కాగితాలు, అమ్మాయి చదువు అన్నీ దానిపైనే సాగాలి. మానిటరు, కీబోర్డు బాగానే ఉన్నందున, మిగిలిన భాగాలకు వారు 35 వేల రూపాయలు కేటాయించుకున్నారు. "పింఛను మొదలయ్యాక ఇంత మొత్తం మళ్ళీ తీయలేనండీ" అన్నారు.

నెహ్రూ ప్లేస్ 1970లలో రూపుదిద్దుకున్న వాణిజ్య కేంద్రం. 2010లో మెట్రో రైలు వచ్చాక అక్కడికి చేరడం సులభమైంది. ఎత్తైన భవనాల నడుమ పాదచారులకు విడిచిన విశాలమైన ఆవరణ ఉంది. ఒక వంక పరదా గుడ్డల దుకాణాలు, మరొక వంక ప్రింటరు కార్ట్రిడ్జిలు, మెట్ల కింద ల్యాప్‌టాప్ మరమ్మతులు. నాలుగడుగులకొకరు "ఏం కావాలి సార్?" అని వెంటపడతారు. జాబితా లేకుండా వెళ్ళినవారి జేబుకు అక్కడ భద్రత లేదు.

మా జాబితాలో మొదటిది ఇంటెల్ కోర్ ఐ3-12100 ప్రాసెసరు. ఒక దుకాణదారు అదే సంఖ్య చివర 'ఎఫ్' అక్షరమున్న దానిని చౌకగా చూపాడు. ఆ అక్షరముంటే ప్రాసెసరులో గ్రాఫిక్స్ భాగం ఉండదు. దానికై వేరే కార్డు కొనవలసి వస్తుంది. చౌక అక్కడితో సరి!

రెండవ చిక్కు ర్యామ్ వద్ద ఎదురైంది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వలన 2025 చివరి నెలలలో దాని ధర బాగా పెరిగింది. 16 జి.బి. తీసుకుంటే లెక్క తప్పుతుంది. అందుకు దుకాణదారు ఉపాయం చెప్పాడు: "క్యాబినెట్‌తో వచ్చే ఎస్.ఎమ్.పి.ఎస్. చాలు సార్, విడిగా ఎందుకు?"

దానిని చేతికి తీసుకుని చీటీ చదివాము. పైన 450 వాట్లని ఉంది. 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు, అంటే 216 వాట్లే. తక్కిన లైన్లు కలిపినా 450కి చేరదు. నిజానికి మా అవసరానికి ఆ శక్తి చాలును. కాని పైన తప్పు సంఖ్య వేసినవాడు లోపల రక్షణ వలయాలు సరిగా అమర్చాడని నమ్మేదెలా? వోల్టేజి ఎగిసిననాడు అది ఒక్కటే పోదు. మదర్‌బోర్డును, డిస్కును వెంట తీసుకుపోతుంది.

కనుక 80 ప్లస్ బ్రాంజ్ గుర్తింపు గలదానిని విడిగా తీసుకుని, ర్యామ్‌ను 8 జి.బి.కి తగ్గించాము. రెండు స్లాట్లున్న బోర్డు కనుక, ధర దిగినప్పుడు మరొకటి చేర్చుకోవచ్చు. 500 జి.బి. ఎస్.ఎస్.డి.తో జాబితా పూర్తయింది.

చివరి ప్రలోభం బిల్లు. అది వద్దంటే 18 శాతం జి.ఎస్.టి. మిగులుతుందన్నాడు. మా మిత్రులు ఒక్క క్షణం ఆలోచించి, "మూడేళ్ళ వారంటీని ఆ కాగితమే కదండీ నిలబెట్టేది" అని బిల్లు రాయించుకున్నారు. మొత్తం 35 వేలకు కాస్త లోపే తేలింది.

ఖర్చు తగ్గించుకోవలసి వస్తే, తరువాత చేర్చుకోగల దానిలో తగ్గించాలి. మిగతా భాగాల ప్రాణం ఆధారపడిన దానిలో కాదు. మన ఉద్యోగులు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళినా, చెన్నై రిచీ వీధికి, బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్ళినా ఈ సూత్రం వర్తిస్తుంది. జాబితా మాత్రం ఇంటివద్దనే, ఆ కంప్యూటరును వాడబోయే పిల్లలను కూర్చోబెట్టుకుని రాసుకోవడం మేలు.