నీలిగీత పక్కన

మా తమ్ముడు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ లెబనాన్ వెళ్లాడు. 1998 నుంచి అక్కడ మన బెటాలియన్ ఉంది. ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి మళ్లిందో లేదో తేల్చడానికి 2000లో సమితి ఒక నీలిగీత గీసింది. దాదాపు 120 కిలోమీటర్లు. అది సరిహద్దు కాదు, అయినా దాని వెంట గస్తీ తప్పదు. గుర్తుగా నీలిరంగు పీపాలు.

"అక్కా, ఇల్లంటే కంటైనరు గదే. చలికాలం హెర్మన్ కొండ మంచు, ఎండాకాలం కాలిన పెనం" అనేవాడు ఫోన్లో. బాట తప్పితే మందుపాతరల భయం. కాల్పులు వినిపిస్తే బంకర్లోకి. బట్టలు తనే ఉతుక్కునేవాడు, పక్క తనే సర్దుకునేవాడు.

ఆ ఏడాదే మరదలు రెండో కాన్పుకి ఒక్కతే ఆస్పత్రికి వెళ్లింది. టీవీలో లెబనాన్ మాట వినపడితే చేతిలో పని ఆగిపోయేది. వాడికి పతకం వచ్చింది. ఆమెతో మాత్రం అందరూ, "డబ్బు బాగానే వస్తోందిగా!" అన్నారు.

తిరిగొచ్చిన వారానికే మంచం మీంచి "మంచినీళ్లు" అని కేకేశాడు.

"అక్కడెవరిచ్చారు?" అంది మరదలు, పసిదానికి పాలిస్తూ.

ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి వాడే లేచి ముంచుకున్నాడు.

ఆ దళం పని 2026 డిసెంబరు 31తో ముగించాలని 2025లో భద్రతామండలి తీర్మానించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గ్లాసుడు నీళ్లే.