పుస్తకం మూసిన తరువాత

సికింద్రాబాదు నుండి నిజామాబాదు వైపు సాగే రైలు మార్గంలో, బొల్లారం స్టేషనుకు సమీపంలో ఉన్న ఊరు మచ్చ బొల్లారం. 2007లో అల్వాల్ పురపాలక సంఘంతోపాటు అది కూడా గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసింది. నేను చదువుకున్న రోజులలో మాత్రం ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొనే పల్లె వాతావరణమే అక్కడ ఎక్కువగా ఉండేది. మా ఇంటి ముందరి గదే మా కిరాణా దుకాణం. మా నాయన చదివినది నాలుగవ తరగతి వరకే. అయినా నాకు చదవడమెట్లాగో నేర్పిన మొదటి పాఠం ఆ దుకాణంలోనే లభించింది.

ఆ వీధిలో చాలామంది నెల జీతగాళ్ళు. సరుకులు ఉద్దెరకు తీసుకొని జీతం వచ్చిన నాడు పైకం ఇచ్చేవారు. రాత్రి దుకాణం మూసిన తరువాత నాయన ఖాతా పుస్తకం ముందు పెట్టుకొని కూర్చొనేవాడు. కాని వెంటనే దానిని తెరిచేవాడు కాదు. కళ్ళు మూసుకొని, ఆనాడు ఎవరెవరు ఏమేమి తీసుకొనిపోయారో, ఎవరి బాకీ ఎంతకు చేరిందో వరుసగా పైకి చెప్పుకొనేవాడు. ఆ తరువాతే పుస్తకం తెరిచి సరిచూసుకొనేవాడు. తప్పిన లెక్క పక్కన ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవాడు. మరునాటి రాత్రి ఆ చుక్క పెట్టిన పేర్లతోనే మొదలుపెట్టేవాడు. చిన్నతనంలో అది నాకు వింతగా తోచేది. రాసిపెట్టుకొన్న లెక్కను మళ్ళీ తలచుకోవడం ఎందుకని ఒకసారి అడిగాను.

“తెరిచి చూస్తే లెక్క పుస్తకానికే యాదుంటది బిడ్డా, నాకుండదు” అని నవ్వాడు.

ఆ మాటలోని అర్థం నాకు తెలియడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. దానికి మా అన్న పెద్ద మూల్యమే చెల్లించవలసివచ్చింది.

అన్న ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు తీసుకొన్నాడు. మా ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటివాడు అతడే. అతని కృషిలో లోపం లేదు. రాత్రి ఒంటిగంట దాకా దీపం వెలుగుతూనే ఉండేది. పాఠాన్ని నాలుగైదుసార్లు చదివేవాడు. ముఖ్యమనుకొన్న ప్రతి వాక్యం కిందా గీత గీసేవాడు. చివరకు గీత లేని వాక్యమే కనిపించేది కాదు. గణితంలో పుస్తకంలోని సాధనలను వేలితో అనుసరిస్తూ చదివి, “ఇది వచ్చు” అనుకొని పుట తిప్పేవాడు. పరీక్షలకు నెల రోజుల ముందు నిద్రను మరింత తగ్గించాడు. ఏ రోజు ఏ పాఠం చదవాలన్న ఏర్పాటు లేదు. భయం ఏ పుస్తకం మీదికి మళ్ళితే ఆ పుస్తకం తెరిచేవాడు. భయపడిన పాఠమే పదిసార్లు చేతికి వచ్చేది. కొన్ని పాఠాలు ఒక్కసారైనా రాలేదు.

1994 వేసవిలో ఫలితాలు వచ్చాయి. గణితంలోను, భౌతికశాస్త్రంలోను అన్న ఉత్తీర్ణుడు కాలేదు. నాయన ఒక్క మాట కూడా అనలేదు. అన్నే అన్నాడు: “నాకు తెలివి లేదు నాయనా. నేను దుకాణంలోనే కూసుంటా.” సోమరితనంతో తప్పినవాడు మరుసటిసారి శ్రమించవచ్చు. శక్తినంతా ధారపోసి తప్పినవాడు తనకు బుద్ధియే లేదని తీర్మానించుకొంటాడు. అన్న పుస్తకాలను గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాడు. కళాశాలకు వెళ్ళడం మానుకొన్నాడు.

ఆ జూన్‌లో నేను పదవ తరగతిలో చేరాను. అన్న నాయన పక్కన కూర్చొని ఖాతా నేర్చుకోసాగాడు. నాయన అతనికీ తన అలవాటే నేర్పాడు. మొదటి వారంలో సగం పేర్లు తప్పేవి. ఎర్రచుక్కలు పెరిగేవి. దీపావళి నాటికి ఆ చుక్కలు అరుదైపోయాయి. రైలు గేటు దగ్గరి మేస్త్రీ బాకీ ఎంత, పిండిగిర్ని వెనుక ఇంటివారు చెల్లించినది ఎంత, ఇంకా రావలసినది ఎంత అన్నది పుస్తకం ముట్టకుండా చెప్పగలిగేవాడు. కరెంటు పోయినా చీకట్లో చేయి చాచి అడిగిన పొట్లం తీసి ఇచ్చేవాడు. ఎందుకంటే ఏ వస్తువుకు ఏ చోటో అక్కడ ముందే నిర్ణయమై ఉంది. తనకు తెలివి లేదన్న మనిషి ఈ పని చేస్తున్నాడన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, అతనితో సహా.

డిసెంబరులో నాకు అర్ధ సంవత్సర పరీక్షలు జరిగాయి. సాంఘికశాస్త్రంలో మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయమన్నారు. ఆ పాఠాన్ని అయిదుసార్లు చదివాను. అది ఎడమవైపు పుటలో ఉన్నదనీ, కింద ఒక బొమ్మ ఉన్నదనీ కూడా నా కళ్ళకు కట్టింది. కాని కారణాలు మాత్రం రెండే గుర్తుకు వచ్చాయి. ఆ ప్రశ్నాపత్రంలో నాకు 100కు 41 మార్కులు వచ్చాయి. ఆ రాత్రి దుకాణంలో కూర్చొని, “నాకూ తెలివి లేదేమో అన్నా” అన్నాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. అతని ముందు మూసిన ఖాతా ఉంది. దాని మీద చేయి పెట్టి నెమ్మదిగా అన్నాడు: “తమ్మీ, నువ్వు ఖాతా తెరిచి చదువుతున్నవు. నేను గూడ అట్లనే చదివిన. పుస్తకం మూసి చెప్పు.”

నేను చెప్పలేకపోయాను. అయిదుసార్లు చదివిన పాఠం నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు పుస్తకం తెరిచి తప్పినవి చూసుకొని మళ్ళీ మూసి చెప్పాను. మూడవసారికి పాఠం మొత్తం వచ్చింది. ఆ రాత్రి అరగంటలో నేర్చుకొన్నది అంతకు ముందరి వారమంతటిలో నేర్చుకొన్నదానికన్న ఎక్కువ. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. పరీక్షకు కావలసినది రెండవది. మేమిద్దరం సాధన చేసినది మొదటిది.

మరునాడే ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకొన్నాం. ఆ రోజులలో ఎస్.ఎస్.సి.లో ఆరు విషయాలు, 600 మార్కులు. హిందీకి ఒకటి, తక్కిన అయిదింటికి రెండేసి చొప్పున మొత్తం పదకొండు ప్రశ్నాపత్రాలు. మొదట అన్ని పాఠాల పేర్లనూ ఒక పెద్ద కాగితం మీద రాశాం. పుస్తకం మూసి చెప్పగలిగినవి, కొంత చెప్పగలిగినవి, అసలు చెప్పలేనివి అని మూడు వరుసలుగా విడదీశాం. అంతవరకు నా భయానికి ఆకారం లేదు. కాగితం మీద పెట్టగానే అది లెక్కపెట్టదగిన పని అయింది. మిగిలిన రోజులను ఆ పాఠాలకు పంచాం. వారానికి ఒక పూట ఖాళీగా ఉంచాం. తప్పిపోయిన పని ఏదైనా ఉంటే ఆ పూటకు చేరేది.

తరువాత అన్న టీపొడి డబ్బాల అట్టలను ముక్కలుగా కోశాడు. ఒకవైపు ప్రశ్న, రెండవవైపు జవాబు రాశాం. మూడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు తెచ్చాడు. మొదటి డబ్బాలోని అట్టలు ప్రతిరోజూ, రెండవ దానిలోనివి మూడు రోజులకొకసారి, మూడవ దానిలోనివి వారానికొకసారి చూడాలి. జవాబు సరిగా చెబితే అట్ట తరువాతి డబ్బాలోకి పోతుంది. తప్పితే ఏ డబ్బాలో ఉన్నా మొదటి దానికే తిరిగి వస్తుంది. నాయన పెట్టే ఎర్రచుక్కకు అన్న కల్పించిన రూపమిది. వచ్చినదానినే మళ్ళీ మళ్ళీ చదివి సంతోషించే అలవాటు దీనితో పోయింది. రానిదే రోజూ ఎదురుగా నిలిచేది.

గణితానికి వేరే పద్ధతి పెట్టుకొన్నాం. సాధనను కాగితంతో కప్పి లెక్కను మొదటి నుండి చేసేవాణ్ణి. తప్పిన ప్రతి లెక్కనూ ఒక నోటుపుస్తకంలో రాసి, ఎక్కడ తప్పానో ఒక్క వాక్యంలో పక్కన రాసేవాణ్ణి. నెల తిరిగేసరికి నా తప్పులు అనేకం కావనీ, రెండు మూడే పదేపదే వస్తున్నాయనీ తెలిసింది. ఆదివారాలలో పాత ప్రశ్నాపత్రాన్ని గడియారం ముందు పెట్టుకొని పూర్తిగా రాసేవాణ్ణి. రాత్రి పది దాటితే అన్న దీపం ఆర్పేసేవాడు. “నిద్ర గూడ చదువే తమ్మీ” అనేవాడు. నిద్ర లేని తల ఏ విధంగా మోసగిస్తుందో అతనికి అనుభవమే.

ఆ డబ్బాల ఆలోచనను అంతకు ముందే మరొకరు చేశారన్న సంగతి చాలాకాలం తరువాత చదివాను. జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి పద్ధతినే వివరించాడు. అంతకు ఎంతో పూర్వమే, 1885లో, హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు అర్థం లేని అక్షరాల కూర్పులను స్వయంగా కంఠస్థం చేసి మరపు తీరును కొలిచాడు. నేర్చినది మొదట వేగంగాను, తరువాత నెమ్మదిగాను జారిపోతుందనీ, ఒకే బిగిన వల్లించడంకన్న రోజుల ఎడంతో వల్లించడం మేలనీ ఆయన తేల్చాడు.

మా అన్న కథను నాకు పూర్తిగా వివరించినది మరొక పరిశోధన. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులపై చేసిన ప్రయోగ ఫలితాలను 2006లో ప్రకటించారు. ఒక బృందం ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక బృందం ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తుతెచ్చుకొని రాసింది. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే చదివినవారే ముందున్నారు. వారికి 83 శాతం, రెండవవారికి 71 శాతం గుర్తుంది. వారం తరువాత లెక్క తారుమారైంది. చదివినవారిలో నిలిచినది 40 శాతం, గుర్తుతెచ్చుకొన్నవారిలో నిలిచినది 61 శాతం. అయినా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువగా నమ్మినవారు మొదటి బృందంవారే. అన్న “ఇది వచ్చు” అనుకొని పుట తిప్పిన రాత్రులు నాకు అప్పుడు గుర్తుకు వచ్చాయి. అతనిని మోసగించినది అతని బుద్ధి కాదు. తెరిచిన పుస్తకం కలిగించిన నమ్మకం.

ఇది విదేశాల నుండి మనం కొత్తగా నేర్వవలసిన విద్య కూడా కాదు. తెలుగువారి అవధానాన్ని గమనించండి. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రదర్శించి ప్రజలకు దగ్గర చేసిన కళ అది. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాలను అవధాని ఒకేసారి పూర్తి చేయడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ ముందుకు సాగి, తిరిగి మొదటివారి దగ్గరకు వస్తాడు. మధ్యలో గంటలు మోగుతాయి, అప్రస్తుత ప్రసంగం అడ్డు తగులుతుంది. వాటి నడుమ, చెప్పిన పాదాన్ని గుర్తుతెచ్చుకొని తరువాతి పాదం అల్లాలి. చివరకు పద్యాలన్నింటినీ అప్పజెప్పడమే ధారణ. ఆయన ముందు తెరిచిన పుస్తకం ఉండదు. ఎడం ఇచ్చి తలచుకోవడం ఆ ప్రక్రియలోనే ఇమిడి ఉంది. పూర్వం వీధిబడులలో పిల్లలు ఎక్కాలు చూడకుండా అప్పజెప్పడంలోనూ ఈ మేలు కొంత ఉంది. అర్థం తెలియకుండా వల్లించడమే అందులోని లోపం. అర్థం చేసుకొన్న తరువాత అప్పజెప్పడంలో లోపమేమీ లేదు.

1995 మార్చిలో నేను పదవ తరగతి పరీక్షలు రాశాను. నాకు 600కు 486 మార్కులు వచ్చాయి. సాంఘికశాస్త్రంలో 41 ఉన్న చోట 84 నిలిచాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. కాని ఆ సంవత్సరం మా ఇంటికి వచ్చిన అసలు సంతోషం మరొకటి. నాకు ప్రశ్నలు రాసిపెడుతూనే అన్న ఒకనాడు అటక మీది గోనెసంచి దింపాడు. ఎవరికీ చెప్పకుండా తప్పిన విషయాలకు రుసుము చెల్లించాడు. నా అట్టల పక్కనే అతని అట్టలు చేరాయి. అతడూ ఆ మార్చిలోనే పరీక్ష రాసి ఉత్తీర్ణుడయ్యాడు. గొప్ప మార్కులేమీ కావు. మార్కుల పత్రాన్ని గల్లాపెట్టె మీద పెట్టి, “తెలివి లేదనుకున్న తమ్మీ, ఉన్నది” అన్నాడు. తరువాత ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు. దుకాణాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. ఇప్పుడు అది తన ఇష్టంతో ఎంచుకొన్న పని. ఓడిపోయి తలదాచుకొన్న చోటు కాదు.

నేను అధ్యాపకుడినయ్యాక ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి వచ్చి, “ఎంత చదివినా గుర్తుండడం లేదు సార్, నాకు చదువు రాదేమో” అంటాడు. ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్లు పరీక్షల ముందు వచ్చి అడిగేవారే ఎక్కువ. వారికి ధైర్యవచనాలు చెప్పడానికి ముందు నేనొక ప్రశ్న అడుగుతాను: “ఎన్నిసార్లు చదివావో నాకు వద్దు. పుస్తకం మూసి ఎన్నిసార్లు చెప్పుకొన్నావు?”

చాలామంది దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. అప్పుడు ఒక కాగితం, ఎర్ర పెన్సిలు చేతికిచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకొంటాను. మా నాయన ఖాతా మూసి కళ్ళు మూసుకొన్న ఆ రాత్రులలాగే, మొదటి లెక్క ఎప్పుడూ తప్పుతుంది. అక్కడే చదువు మొదలవుతుంది.