కొడగు నుండి వాషింగ్టనునకు చేరిన అంబిక

గత వినాయకచవితినాడు పూజ ముగిసి ఉండ్రాళ్లు పంచుచుండగా ఒక బాలుడు "తాతగారూ, మీరు నిజమైన ఏనుగును చూచినారా?" అని మమ్మడిగెను. లేదంటిమి. గజముఖుని నిత్యము కొలుచువారము, గజేంద్రమోక్షమును ఏటేట చదివి వినిపించువారము; అయినను ఈ దీవిలో చెఱకుతోటల నడుమ పుట్టి పెరిగినవారమగుటచే ఏనుగును పటములందే యెఱుగుదుము. ఆ సిగ్గుచేతనే ఏనుగులనుగూర్చి చదువ మొదలిడితిమి. అందు అంబిక కథ మా మనస్సును పట్టుకొన్నది.

అంబిక సుమారు 1948లో భారతదేశమున పుట్టినది. ఇంచుమించు ఎనిమిదేండ్ల ప్రాయమున కొడగు అడవిలో పట్టువడి దుంగలు లాగు పనిలో పెట్టబడినది. 1961లో భారతదేశపు బాలబాలికల కానుకగా అమెరికా రాజధానియగు వాషింగ్టనులోని జాతీయ జంతుప్రదర్శనశాలకు చేరినది. పట్టుట, పనికి పెట్టుట, సముద్రముల కావలికి పంపుట! ఒప్పందకూలీలుగా ఓడ లెక్కినవారి సంతతియగు మాకు ఈ మాటలు ఊరక చదివి విడుచునవి కావు.

59 యేండ్ల వయస్సున ఆమెకు గర్భాశయమునుండి రక్తస్రావమై రక్తహీనత కలిగెను. లోపల గడ్డలుండెను. అడవిలో ఆడుయేనుగు బ్రతుకు చాలవరకు చూలుతోను, పాలిచ్చుటతోను గడచును. చూలు 22 మాసములు. ఈనని యేనుగునకో, సుమారు 14 నుండి 16 వారములకొకసారి ఋతుచక్రము తిరుగుచునే యుండును. అట్టివానికి గడ్డలు తఱచు. కోసి తీయుదమన్న, అంతటి దేహమును తెఱచుట ప్రాణాపాయము.

వైద్యులు కత్తిని మాని సూదిని పట్టిరి. అండాశయములను మేల్కొల్పుటకై మెదడు మొదట పీయూషగ్రంథికి పంపు దూత యొకటి కలదు. దానిని జీఎన్‌ఆర్‌హెచ్ అందురు. పది అమైనో ఆమ్లముల చిన్న గొలుసు. స్త్రీకిని ఆడుయేనుగునకును అది యొక్కటే. దానిని కోడిగ్రుడ్డు తెల్లసొనలోని మాంసకృత్తుతో జతపఱచి టీకాగా చేసిరి. దేహము ఆ టీకాను శత్రువని భ్రమించి ప్రతిరక్షకములను పుట్టించును. అవి తన సొంత దూతనుకూడ పట్టివేయును. అంతట అండాశయము నిదురించును. అంబికకు మొదట 3 మిల్లీగ్రాములిచ్చి, పిమ్మట 30 వరకు పెంచుచు మఱి నాలుగుమారులు ఇచ్చిరి. ఏడాదికి మించి ఋతుచక్రము నిలిచెను, గర్భాశయము చిక్కెను, రక్తహీనత మరల రాలేదు. 2012లో ఈ వృత్తాంతమును వైద్యపత్రికలో ప్రకటించిరి.

చూలు నిలువకుండుటకును, మగయేనుగుల మదమును తగ్గించుటకును ఇట్టి టీకాయే పనికివచ్చుచున్నది. మగయేనుగు వృషణములు కడుపులో మూత్రపిండములచెంత నుండుటచే అచటను శస్త్రము కష్టమే. పాలకాప్యుని నాటినుండి మనవారెఱిగిన మదమును సూదితో అణచుట తగునా యని తటపటాయించి, మావటివాని ప్రాణమును తలచి ఊరకుంటిమి. లేతప్రాయపు మగయేనుగులకు వేసినచో సంతానశక్తి మరల రాకపోవచ్చునట. ఇదిమాత్రము మాకు మింగుడుపడలేదు.

ఆలయపత్రికలో గర్భాశయపు మాటలా యని పెద్దలు కోపింతురేమో. మా మేనత్త చెఱకుకోతలకు పోవునది. నెలలో సగముదినములు గుడిమెట్లెక్కక, వెలుపలనే నిలిచి, దూరమునుండి హారతికి చేతులు జోడించునది. ఇన్నిదినము లేల అని పూజారులమైన మేము ఒక్కనాడైన అడుగలేదు, అడుగరాదనుకొంటిమి. పాలిపోయి, ఒకనాడు చేనిలో కూలి, ఆసుపత్రికి చేర్చునంతలో ప్రాణము విడిచెను. గర్భసంచిలో గడ్డలని తరువాత తెలిసినది. ఆ దూతను అడ్డగించు మందులు నేడు స్త్రీలకును కలవు.

అంబిక 2020 మార్చి 27 వరకు, సుమారు 72 యేండ్లు, బ్రతికినది. తుదకు ముందరి కాలు బలహీనమై నిలువలేకుండగా వైద్యులు నొప్పిలేకుండ సాగనంపిరి.

మొన్న ఆ బాలునికి అంబిక పటము చూపి ఈ కథ చెప్పితిమి. వాని తల్లి వెనుకనుండి వినుచు, అందఱును వెళ్లునంతదాక ఆగి, ఆ గడ్డల లక్షణము లేవని మెల్లగా అడిగినది. తెలిసినంత చెప్పి, మఱునాడే డాక్టరునకు చూపించుకొమ్మంటిమి.